గది నలుగురిది, కార్డు ఒకరిది

ఈసారి క్యాసినో హోటళ్ల మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెంగళూరు నుంచే. ఆటలో ఎలా గెలవాలని అడిగినవాటిని పక్కన పెట్టాం. గది, భోజనం, బిల్లు గురించి అడిగినవాటికి జవాబులివి.

ప్రశ్న: ఆఫీసు స్నేహితులం నలుగురం గోవాలో క్యాసినో ఉన్న ఫైవ్‌స్టార్ రిసార్టులో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. పన్ను కాకుండా గది 7,600 చూపిస్తోంది. ఒక్క గదిలోనే సర్దుకోవచ్చా?
– మారతహళ్లి పాఠకుడు

జవాబు: ముందు ఆ 7,600 సంగతి చూద్దాం. రోజు అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, దాటకపోతే 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదే లెక్క. మీ గది పన్నుతో కలిపి 8,968 అవుతుంది. అదే 7,500కి దొరికి ఉంటే 7,875తో సరిపోయేది. అద్దెలో తేడా వంద, బిల్లులో తేడా 1,093! రేటు ఈ గీతకు దగ్గరగా ఉన్నప్పుడు టిఫిన్ కలిపిన ప్లాను వదిలి గది మాత్రమే తీసుకుంటే ఎంతవుతుందో చూడండి. శుక్ర, శనివారాల బదులు ఆది, సోమవారాలకు మార్చుకున్నా రేటు దిగుతుంది.

ఇక నలుగురికి ఒక్క గది కుదరదు. చాలా రిసార్టుల్లో గదికి ముగ్గురు పెద్దవాళ్లే హద్దు, ఆ మూడో మనిషికి కూడా అదనపు మంచం ఛార్జి ఉంటుంది. రాత్రి ఉండే ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డూ రిసెప్షన్‌లో చూపించాలి కాబట్టి నాలుగో మనిషిని ‘చూడ్డానికి వచ్చాడు’ అని లోపలికి పంపడం నడవదు. రెండు గదులు తీసుకోండి. బుకింగులో ట్విన్ బెడ్లు (రెండు విడి మంచాలు) అని టిక్కు పెట్టడం కోరిక మాత్రమే, హామీ కాదు. రెండు రోజుల ముందు ఫోన్ చేసి రాయించుకోకపోతే శనివారం సాయంత్రం చేరేసరికి ఒకే పెద్ద మంచం ఉన్న కింగ్ బెడ్ గదులే మిగులుతాయి. లిఫ్టుకు దూరంగా ఉన్న గది కూడా అప్పుడే అడగండి. క్యాసినో హోటల్లో జనం గదులకు తిరిగొచ్చేది తెల్లవారుజామున.

ప్రశ్న: కిందటిసారి ఒకరి కార్డు మీదే అందరి ఖర్చూ పడింది. వాపసు రావాల్సిన డిపాజిట్ రెండు వారాలు రాలేదు. స్నేహితుల మధ్య మాటలు కూడా తగ్గాయి. ఈసారి ఎలా చేయాలి?
– బనశంకరి పాఠకురాలు

జవాబు: ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి.

మొదటిది డిపాజిట్. చెక్-ఇన్‌లో గది అద్దె కాక, లోపల చేసే ఖర్చుల కోసం రాత్రికి ఇంత అని హోటల్ కార్డు మీద కొంత మొత్తం పట్టి ఉంచుతుంది. క్రెడిట్ కార్డు అయితే అది మీ పరిమితిలోంచి తాత్కాలికంగా ఆపిన సొమ్మే. హోటల్ విడుదల చేశాక కొద్ది రోజుల్లో పరిమితి మళ్లీ పెరుగుతుంది. డెబిట్ కార్డు అయితే సొమ్ము నిజంగానే ఖాతాలోంచి పోతుంది. హోటల్ తిరిగి పంపాలి, బ్యాంకు జమ చేయాలి, మధ్యలో సెలవులు. అందుకే డిపాజిట్‌కి డెబిట్ కార్డు ఇవ్వకండి. మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది: చెక్-ఔట్‌లో బిల్లు వేరే కార్డుతో కట్టి, పాత కార్డు మీద హోటల్ పట్టి ఉంచిన సొమ్ము (హోల్డ్) సంగతి మరిచిపోతారు. బిల్లు కట్టగానే ‘ఆ హోల్డ్ ఇప్పుడే రిలీజ్ చేయండి’ అని అడిగి, చేసినట్టు కాగితం తీసుకోండి.

రెండోది పద్దు. హోటల్ వాళ్లు దీన్ని ఫోలియో అంటారు. రిసార్టులో బార్, స్పా, కాఫీ షాపు ఎక్కడైనా గది నంబరు చెప్పి సంతకం పెడితే చాలు, అది ఆ గది ఫోలియోలోకి వెళ్లిపోతుంది. కార్డు ఎవరిదైతే వాళ్లకే ఖర్చు. చెక్-ఇన్‌లోనే మూడు మాటలు చెప్పండి: రెండు గదులకు రెండు ఫోలియోలు కావాలి, ప్రతి గదికీ ఆ గదిలో ఉండేవాళ్ల కార్డే పెట్టాలి, రూమ్ పోస్టింగ్ (గది పద్దులో ఖర్చు రాయడం) ఆపేయాలి, అంటే ఎక్కడ తిన్నా అక్కడే కడతాం. మూడోది కాస్త విసుగే, కానీ సంతకం పెట్టే సుఖం ఉంటే నలుగురిలో ఎవరో ఒకరి చెయ్యి ఆగదు.

బయల్దేరే ముందురోజు రాత్రే ఇంతవరకు అయిన బిల్లు ప్రింటు అడగండి. ఉదయం 11 గంటలకు క్యూలో నిలబడి, విమానం టైం చూసుకుంటూ మినీబార్ జీడిపప్పు గురించి వాదించడం కంటే ఇదే తేలిక. కొన్ని పెద్ద హోటళ్లలో మినీబార్‌కి సెన్సర్లుంటాయి. సీసా తీసి చూసి మళ్లీ పెట్టేసినా పద్దు పడిపోతుంది. మీ పాల ప్యాకెట్టు చల్లబెట్టుకోవడానికి అందులోవి బయట పెట్టకండి.

ప్రశ్న: రిసార్టులోనే క్యాసినో ఉంది కదా, టేబుల్ ఆటలు, బఫే అన్నీ అక్కడే ఉంటాయా?
– వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: టేబుల్ ఆటలు ఉండవు. గోవా చట్టం ఒడ్డు మీది ఫైవ్‌స్టార్ హోటళ్లలో యంత్రాల మీద ఆడే ఆటలనే అనుమతిస్తుంది. డీలరు ముక్కలు పంచే టేబుళ్లు ఓడల్లోనే. పణజి దగ్గర మాండవి నదిలో డెల్టిన్ రాయల్ లాంటి ఓడలు కనిపించేది అందుకే. రిసార్టు గది తీసుకుని, టేబుళ్లు లేవని రిసెప్షన్‌లో గొడవ పడితే లాభం లేదు.

ఓడకు వేరే ప్రవేశ ప్యాకేజీ తీసుకోవాలి. ఒడ్డునుంచి చిన్న పడవలో ఎక్కిస్తారు, వారాంతం అక్కడే క్యూ. వయసు 21 నిండాలి, అసలు గుర్తింపు కార్డు ఉండాలి. మగవాళ్లు నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, చెప్పులతో వెళ్తే వెనక్కి పంపుతారు. ప్యాకేజీలో బఫే, కొన్ని మద్యాలు, కొన్ని చిప్స్ (డబ్బుకు బదులుగా పందెం కాసే బిళ్లలు) కలిపి ఉంటాయి. ఆ చిప్స్ చాలావరకు ఒక్కసారి పందెం కాసే రకం, నేరుగా నగదుగా మారవు. గెలిస్తే వచ్చేవి మాత్రం మారతాయి. ఏ బ్రాండ్లు ప్యాకేజీలో ఉన్నాయో మొదటి గ్లాసుకు ముందే అడగండి, లేనివాటికి వేరే బిల్లు వస్తుంది. చిప్స్ కొనుగోలు మీద జీఎస్టీ 40 శాతం. అది విడిగా వసూలు చేస్తారా, వెయ్యి ఇస్తే ఎన్ని రూపాయల చిప్స్ చేతికొస్తాయి అన్నది కౌంటర్ దగ్గరే తేల్చుకోండి.

ప్రశ్న: ఎక్కువసేపు ఆడితే గది, భోజనం ఫ్రీ ఇస్తారట. నిజమేనా?
– కృష్ణరాజపురం పాఠకుడు

జవాబు: నిజమే. ఫ్రీ అన్న మాట ఒక్కటే అబద్ధం. మీ సగటు పందెం, గంటకు ఎన్నిసార్లు ఆడారు, ఎన్ని గంటలు, ఆ ఆటలో హౌస్‌కి (అంటే క్యాసినోకి) మిగిలే శాతం, ఈ నాలుగింటినీ గుణించి మీ నుంచి ఎంత రావాలో వాళ్లు లెక్కేస్తారు. అందులో కొంత భాగం గదిగా, భోజనంగా తిరిగిస్తారు. రూలెట్ అంటే చక్రం తిప్పి, బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట. ఒక్క సున్నా ఉన్న రూలెట్‌లో మొత్తం 37 గళ్లు, హౌస్ వాటా 2.7 శాతం. చక్రం తిప్పిన ప్రతిసారీ 1,000 రూపాయలు, గంటకు 40 సార్లు, నాలుగు గంటలు ఆడితే పందెం మొత్తం 1,60,000. అందులో మీ అంచనా నష్టం 4,320. రెండు సున్నాల చక్రమైతే 38 గళ్లు, 5.26 శాతం, నష్టం దాదాపు 8,400. ఇదంతా అయ్యాక చేతికొచ్చేది ఒక డిన్నర్ కూపన్. ఆ డిన్నర్ డబ్బిచ్చి తినడమే చవక.

ప్రశ్న: చెన్నై నుంచి ఐదుగురం సింగపూర్‌లోని క్యాసినో హోటల్ మెరీనా బే శాండ్స్‌కి వెళ్తున్నాం. ఇద్దరు శాకాహారులు. అక్కడే పీఆర్‌గా (శాశ్వత నివాసిగా) ఉన్న మా బావమరిది కూడా కలుస్తాడు. ప్రవేశం, భోజనం దగ్గర ఏం చూసుకోవాలి?
– అన్నానగర్ పాఠకుడు

జవాబు: క్యాసినోలోకి విదేశీయులకు పాస్‌పోర్టు చూపిస్తే ప్రవేశం ఉచితం. వయసు 21 నిండాలి. మీ బావమరిది మాత్రం 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. పౌరులకీ పీఆర్‌లకీ అది ప్రభుత్వం పెట్టిన రుసుము, హోటల్‌ని బతిమాలితే తగ్గదు. 57వ అంతస్తు ఈత కొలను హోటల్ అతిథులకే. ఆయన గది తీసుకోకపోతే టికెట్టు కొని అబ్జర్వేషన్ డెక్ దాకా రాగలడు, నీళ్లలోకి కాదు.

భోజనం దగ్గర, మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే సర్వీస్ ఛార్జి 10 శాతం, దాని మీద జీఎస్టీ 9 శాతం. నూరు డాలర్ల భోజనం 119.90 అవుతుంది. చైనీస్ రెస్టారెంట్లలో కూర్చోగానే పల్లీలు, తడి తువ్వాలు పెడతారు. అడక్కుండా వచ్చాయి కదా అని ముట్టుకుంటే బిల్లులో ఉంటాయి, వద్దంటే తీసుకెళ్తారు. శాకాహారులు ‘వెజిటేరియన్’ అంటే చాలదు. ఆకుకూర వేపుడులో కూడా ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్, బెలచాన్ అనే రొయ్యల ముద్ద పడతాయి. వాటి పేర్లు చెప్పి, గుడ్డు కూడా వద్దని చెప్పండి.

రోజూ అక్కడే తినాల్సిన పనిలేదు. హోటల్ కిందే బేఫ్రంట్ స్టేషన్ ఉంది. డౌన్‌టౌన్ లైన్‌లో నాలుగో స్టేషన్ లిటిల్ ఇండియా, రైలు మారనక్కర్లేదు. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ 1947 నుంచి నడుస్తోంది. మీ ఇద్దరు శాకాహారులకి మధ్యాహ్నం భోజనం అక్కడ పెట్టించి, హోటల్ డిన్నర్ ఒక్క రాత్రికి ఉంచుకోండి.

ప్రశ్న: విదేశంలో చిప్స్‌కి క్రెడిట్ కార్డు గీకవచ్చా?
– హెబ్బాళ పాఠకుడు

జవాబు: వద్దు. చాలా బ్యాంకులు దాన్ని ఏటీఎంలో నగదు తీసినట్టే చూస్తాయి: ఫీజు, ఆ రోజు నుంచే వడ్డీ. భోజనానికి, గదికి మాత్రమే కార్డు వాడండి. యంత్రం ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే వద్దని స్థానిక కరెన్సీ ఎంచుకోండి, లేకపోతే మారకం రేటు వాళ్లిష్టం. మీ కార్డుకి ఫారెక్స్ (విదేశీ మారకం) ఛార్జి 3.5 శాతం ఉంటే జీఎస్టీతో 4.13 అవుతుంది. వెయ్యి డాలర్ల హోటల్ బిల్లు మీద అదే 41 డాలర్లు.

ప్రశ్న: గోవాలో శనివారం 60,000 గెలిచి, ఆదివారం 50,000 పోగొట్టుకున్నా. పన్ను పదివేల మీదేనా?
– ఇందిరానగర్ పాఠకుడు

జవాబు: కాదు, 60,000 మీద. పోయిన సొమ్ముని గెలిచినదాంట్లోంచి తీసేయడానికి ఆదాయ పన్ను చట్టం ఒప్పుకోదు. 30 శాతం, దాని మీద సెస్సు కలిపితే 31.2 శాతం, అంటే 18,720.