ఒకే సాఫ్ట్‌వేర్‌కు మూడు దారులు: ఏ ప్యాకేజీ మేనేజర్ వాడాలి?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో కొత్తగా ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. ఒకే సాఫ్ట్‌వేర్ ఆప్ట్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే మూడు ప్యాకేజీ మేనేజర్లలోనూ (సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే సాధనాలు) దొరుకుతోంది. వీటిలో ఒకదాన్నే ఎంచుకోవాలా? మూడూ కలిపి వాడితే సిస్టమ్ దెబ్బతింటుందా?

జవాబు: కలిపి వాడినంత మాత్రాన దెబ్బతినదు. అయితే ఆప్ట్‌ను మిగిలిన రెండింటితో ఒకే వరుసలో పెట్టి చూడలేము. కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లు, లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్) దాని అధీనంలోనే ఉంటాయి కాబట్టి దాన్ని వదులుకునే వీలు లేదు. మీరు తేల్చుకోవలసింది, రోజూ వాడే అప్లికేషన్లను కూడా దానితోనే తెచ్చుకోవాలా అన్నది మాత్రమే.

ఆప్ట్ పద్ధతిలో ఒక లైబ్రరీని ఒక్కసారే ఇన్‌స్టాల్ చేస్తే, దాని అవసరమున్న ప్రోగ్రాములన్నీ పంచుకుంటాయి. ఆ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినా ఒక్క అప్‌డేట్‌తో అన్నిటికీ సరిపోతుంది. కానీ ఒకదానిపై ఒకటి ఆధారపడిన వేలాది ప్యాకేజీలు పొసగాలంటే వెర్షన్లను కదపకుండా ఉంచాలి. అందుకే రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతు ఉండే) విడుదలలో భద్రతా సవరణలు అందుతుంటాయి గానీ, వీడియో ఎడిటర్‌కు చేరిన కొత్త సదుపాయాలు చాలావరకు తర్వాతి విడుదల దాకా రావు.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్‌లు కావలసిన లైబ్రరీలను సిస్టమ్‌తో సంబంధం లేకుండా విడిగా సమకూర్చుకుంటాయి కనుక పాత విడుదలపైనా కొత్త వెర్షన్ నడుస్తుంది. ఈ రెండింటిలో నా మొగ్గు ఫ్లాట్‌ప్యాక్ వైపు. స్నాప్ స్టోర్‌ను ఉబుంటు తయారీదారు కెనానికల్ సంస్థ ఒక్కటే నడుపుతుంది. ఫ్లాట్‌ప్యాక్‌కైతే ఎవరైనా రిపోజిటరీ (ప్యాకేజీలు దొరికే భాండారం) పెట్టవచ్చు. ఉబుంటులో స్నాప్‌ను పూర్తిగా తప్పించుకోవడం కూడా తేలిక కాదు: 22.04 విడుదల నుంచి, ఉబుంటు సొంత రిపోజిటరీలో ఫైర్‌ఫాక్స్‌ను ఆప్ట్‌తో అడిగినా వచ్చేది స్నాపే. ఫ్లాట్‌ప్యాక్‌లో మొదటి అప్లికేషన్‌కే వందల మెగాబైట్ల రన్‌టైమ్ (అప్లికేషన్లు పంచుకునే లైబ్రరీల మూట) దిగడం చూసి కంగారుపడకండి, అదే రన్‌టైమ్‌ను వాడే తర్వాతి అప్లికేషన్లకు అది మళ్లీ దిగదు. ఫ్లాట్‌ప్యాక్‌ల ప్రధాన స్టోర్ అయిన ఫ్లాట్‌హబ్‌లో 'వెరిఫైడ్' గుర్తు ఉందో లేదో మాత్రం చూసుకోండి. అది లేని ప్యాకేజీలను తరచుగా అసలు తయారీదారులు కాక ఇతరులు కూర్చి పెడతారు. పాస్‌వర్డులు దాచే ప్రోగ్రాముల విషయంలో నేనైతే ఆ గుర్తు లేనిదాన్ని ముట్టుకోను.

కోడ్ ఎడిటర్ వంటివాటికి ఈ సలహా వర్తించదు. ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్‌ను శాండ్‌బాక్స్‌లో (మిగతా సిస్టమ్‌కు వేరుగా ఉంచే కంచెలో) నడుపుతుంది కాబట్టి సిస్టమ్‌లోని కంపైలర్లు (కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే సాధనాలు) దానికి నేరుగా కనిపించవు. అలాంటివి ఆప్ట్ ద్వారానే మేలు. ఒకే అప్లికేషన్‌ను రెండు దారుల్లో ఇన్‌స్టాల్ చేసుకోకండి. రెండింటి సెట్టింగులూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి, బుక్‌మార్కులు మాయమయ్యాయని అనేకులు హడావిడి పడేది ఇందువల్లే. నిజంగా సిస్టమ్‌ను చిక్కుల్లో పెట్టేవి, అక్కడక్కడా చూసి చేర్చుకున్న పీపీఏలు (ఇతరులు నడిపే ఆప్ట్ రిపోజిటరీలు). అవి ఆప్ట్ పరిధిలోకే వచ్చి మూల లైబ్రరీలను మార్చగలవు, కొత్త విడుదలకు మారేటప్పుడు అడ్డుపడతాయి.

ప్రశ్న: విండోస్‌లో ఇలాంటిది ఉందా?

జవాబు: ఉంది. విండోస్ 11లో వింగెట్ అనే ప్యాకేజీ మేనేజర్ ముందే ఉంటుంది. సాధారణంగా అది తయారీదారుల ఇన్‌స్టాలర్‌నే తెచ్చి, హ్యాష్ (ఫైల్ మారలేదని తెలిపే సంకేతం) సరిచూసి నడుపుతుంది. ఇంటి వాడకానికి అది చాలు. అడ్మిన్ అనుమతి లేని కంప్యూటర్ అయితే, యూజర్ ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ చేసే స్కూప్ అనే మరో ప్యాకేజీ మేనేజర్ మెరుగు.