పర్లాకిమిడిలో ఉండే 87 ఏళ్ల నాయనమ్మకు ఇంటి దగ్గరే ముందస్తు ఓటు మంచిదేనా?

నడవలేకపోతే మంచిదే, మే ఎండలో క్యూ తప్పుతుంది. మన దగ్గర ముందస్తు ఓటు అందరికీ లేదు. 85 ఏళ్లు పైబడినవారికి, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గర వేసే వీలుంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు 12డి ఫారం (ఇంటి ఓటు దరఖాస్తు) ఎన్నికల అధికారికి అందాలి. చాలామందికి ఇక్కడే గడువు దాటిపోతుంది, బీఎల్‌ఓను (మీ బూత్ స్థాయి ఎన్నికల అధికారిని) ముందే కలవండి.

ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి: దరఖాస్తు మంజూరైతే ఇక బూత్‌లో ఓటు వేయనివ్వరు. సిబ్బంది ముందే కబురు పెట్టి వస్తారు. ఆవిడ లేకపోతే ఇంకోసారి వస్తారు, అంతే. ఆ రోజుల్లో శ్రీకాకుళం కూతురింటికి పంపకండి. ఓటుతో పాటు ఆవిడ సంతకం చేసే డిక్లరేషన్‌లోని బ్యాలట్ నంబరు, బ్యాలట్ పెట్టే కవరు మీది నంబరు ఒకటేనా చూసుకోమనండి. తేడా వస్తే ఓటు చెల్లదు. వేశాక అభ్యర్థి గురించి కొత్త సంగతి తెలిసినా మార్చుకోలేరు. ఇంట్లో వాళ్లు మాత్రం పక్కన నిలబడి ఎవరికి వేయాలో చెప్పకూడదు.