బరువు ఒక్కటే చెప్పి ఆగిపోకు

పర్లాకిమిడి

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు బరంపురం నుంచి పంపిన వ్యాసం చదివాను. శరీర పరిమాణానికీ జీవక్రియకూ, అంటే ఒంట్లో శక్తి ఖర్చయ్యే తీరుకూ, ఉన్న లెక్క మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. విషయం మీద పట్టుంది. అయితే ఆ లెక్క ఎవరికి, ఎందుకు కావాలో చెప్పకుండానే ‘బరువుకు 0.75 ఘాతం’ అని మొదలుపెట్టావు. చాలామంది అక్కడే చదవడం ఆపేస్తారు.

ముందు అవసరం చెప్పు. చిలికా సరస్సులో ఎవరు ఎవరిని తింటున్నారు, ఎంత తింటున్నారు, రొయ్య తగ్గితే ఆ దెబ్బ ఎవరి మీద పడుతుంది అని ఒక మోడల్ కట్టాలంటే ఒక్కో జీవికి రోజుకు ఎంత శక్తి కావాలో తెలియాలి. ఇరవాడి డాల్ఫిన్‌ను పట్టి పెట్టెలో పెట్టి, అది ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో కొలవలేం కదా. అన్ని రకాల చేపలకూ పురుగులకూ పక్షులకూ ఆ పని చేస్తూ కూర్చుంటే ఒక జీవితం చాలదు. బరువు మాత్రం తూచవచ్చు, కుదరకపోతే అంచనా వేయవచ్చు. బరువును బట్టి ఆకలిని లెక్కగట్టే దారి ఒకటి దొరికితే మోడల్ కట్టేవాళ్లకు ఎంత ఊరటో ఆలోచించు. 1992లో యోడ్జిస్, ఇన్నెస్ అనే ఇద్దరు, తినే జీవికీ తిండికీ మధ్య నడిచే సమీకరణాల్లో వేయాల్సిన విలువలను శరీర బరువు నుంచే రాబట్టే పద్ధతి చూపించారు. ఆహారజాలాల మోడళ్లలో ఇప్పటికీ అది బాగా వాడుకలో ఉంది. ఇది చెప్పాక, ఆ దారేమిటో చెప్పమని పాఠకుడే అడుగుతాడు.

అప్పుడు లెక్క చేసి చూపించు. మన వైపు చాలామంది సైన్సు ఒడియాలోనో ఇంగ్లిషులోనో చదువుకున్నవాళ్లు. వాళ్లకు సూత్రం కంటే అంకెలు తొందరగా అందుతాయి. ఒక జంతువు ఇంకోదాని కంటే 16 రెట్లు బరువనుకో. 16కు వర్గమూలం 4. దానికి మళ్లీ వర్గమూలం 2. ఆ రెండుకు ఘనం 8. అంటే బరువు 16 రెట్లయినా శక్తి అవసరం 8 రెట్లే, కిలోకు చూస్తే సగం. 0.75 ఘాతం అంటే ఇంతే. వర్గమూలం బటన్ ఉన్న మామూలు కాలిక్యులేటర్‌తో ఎవరైనా చేసుకోవచ్చు.

మాక్స్ క్లైబర్ 1932లో ప్రచురించిన పరిశోధన నుంచి ఎదిగిన సూత్రం ఇది. ఇప్పుడు వాడే రూపంలో, విశ్రాంతిగా ఉన్న క్షీరదానికి రోజుకు కావలసిన కిలోకేలరీలు కట్టాలంటే, కిలోల్లో ఉన్న బరువుకు 0.75 ఘాతం వేసి 70తో గుణిస్తారు. దీని ప్రకారం 20 గ్రాముల చిట్టెలుకకు 4 లోపే చాలు, 3,000 కిలోల ఏనుగుకు 28,000 పైచిలుకు కావాలి. కిలోకు కట్టి చూస్తే మాత్రం చిట్టెలుక ఖర్చు ఏనుగు కంటే 20 రెట్లు దాకా ఎక్కువ. ఇదంతా కదలకుండా ఉన్నప్పటి లెక్క. అడవిలో తిరిగి తినే జంతువుకు దీనికి రెండు మూడు రెట్లు కావాలి. ఆ ఒక్క మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. తప్పకుండా చేర్చు.

నువ్వు ఏనుగు దగ్గర ఆగిపోయావు. గంజాం జిల్లాలో ఉండి రాసేవాడు అక్కడ ఆగకూడదు. భేట్నోయి వైపు రైతులు తరతరాలుగా కాపాడుకుంటున్న కృష్ణజింకల్లో పెద్ద మగది నలభై కిలోల దరిదాపుల్లో తూగుతుంది. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలూ ఇంచుమించు అంతే. తూకం ఒకటే, ఆకలి మాత్రం ఎక్కడా పోలిక లేదు. జింక తన ఒంటి వేడిని తానే పుట్టించుకుని, చలైనా ఎండైనా నిలబెట్టుకోవాలి. విశ్రాంతిలోనే దానికి రోజుకు 1,100 కిలోకేలరీలు పడతాయి. తాబేలు ఒళ్లు నీటి వేడితో పాటు మారుతుంది, కాబట్టి దానికి అందులో చిన్న వంతు సరిపోతుంది. బరువు చూసి ఇద్దరికీ ఒకే అంకె వేసే మోడల్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. తాబేలు లాంటి జీవులకు ఇంకో సంగతి కూడా ఉంది. ఒళ్లు 10 డిగ్రీలు వేడెక్కితే, తట్టుకోగల హద్దు దాటనంతవరకు, జీవక్రియ సుమారుగా రెండు, రెండున్నర రెట్లవుతుంది. బ్రౌన్, ఆయన తోటి పరిశోధకులు 2004లో బరువునూ ఉష్ణోగ్రతనూ కలిపి ఒకే సమీకరణంలో పెట్టింది ఇందుకే. సముద్రం వేడెక్కితే ఒక్క గ్రాము పెరగకుండానే చేప ఆకలి పెరుగుతుంది. నీ వ్యాసానికి గుండెకాయ ఈ పేరానే కావాలి.

వాదం దాచకు. 1883లో రూబ్నర్ కుక్కల మీద కొలతలు తీసి, వేడి పోయేది చర్మం నుంచే కాబట్టి జీవక్రియ శరీర ఉపరితలంతో పాటు పెరుగుతుందన్నాడు. ఆ లెక్కన ఘాతం మూడింట రెండు, మన 16 రెట్ల జంతువుకు 8 రెట్లు కాదు, 6 చిల్లరే. 1997లో వెస్ట్, బ్రౌన్, ఎన్‌క్విస్ట్ రక్తనాళాలు కొమ్మలుగా చీలే తీరు నుంచి 0.75 ఎందుకు వస్తుందో చెప్పబోయారు. 2003లో వైట్, సేమూర్ క్షీరదాల లెక్కలు సవరించి చూస్తే మళ్లీ మూడింట రెండే వచ్చింది. తేలని సంగతిని తేలనట్టే రాయి. పాఠకుడు తట్టుకుంటాడు.

జీవశాస్త్రవేత్త హాల్డేన్ గురించి నువ్వు మొదట్లోనే రాశావు. జంతువు సైజు మారితే ఆకారమూ మారక తప్పదని 1926లో రాసిన ఆయన 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు. నాకూ అది చదివినప్పుడల్లా మనసు కదులుతుంది. అయినా అక్కణ్ణుంచి తీసి, రూబ్నర్ తర్వాత పెట్టు. మొదట్లో ఉంటే మిగతా వ్యాసమంతా ఆయన జీవితకథ కోసం ఎదురుచూస్తూ చదువుతారు.

చివరగా నీ గ్రాఫ్. గీత గీశావు గానీ చుక్కలు వేయలేదు. అవి లేకపోతే కొలిచిన జంతువులన్నీ బుద్ధిగా గీత మీదే కూర్చున్నాయని అనుకుంటారు. పైగా అది లాగ్ స్కేలు, అంటే ఒక్కో గడి దాటితే అంకె పదింతలవుతుంది. గీతను ఆనుకుని ఉన్నట్టు కనిపించే చుక్క కూడా నిజంలో రెండింతలు తేడాలో ఉండవచ్చు. ఈ మాట గ్రాఫ్ కిందే, పెద్ద అక్షరాల్లో రాసి, తాబేలు పేరాతో కలిపి మళ్లీ పంపు.

మీ అన్నయ్య