గూడు మార్చే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి పెద్దత్త ఆశీస్సులు.

మిద్దె మీద రేకుల గదిలో ఎనిమిది జతల బడ్జీ చిలుకలను పెట్టావని, ఈ శుక్రవారం గూళ్లు కడుతున్నావని, ఒక తల్లి గుడ్లను, పిల్లలను మరో తల్లికి అప్పగించి పెంచాలనుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వింటున్నంతసేపూ నాకు గర్వంగానే ఉంది. వేసవి సెలవులకు వచ్చి, మా వరండాలో పంజరం ముందు పీట వేసుకుని, అన్నానికి పిలిచినా లేవని పిల్లవాడు ఈనాడు తిరుపతిలో సొంతంగా పక్షులను పెంచుతున్నాడంటే అత్తకు అంతకన్నా ఏం కావాలి? ఫోన్ పెట్టేసిన తరువాత మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసినదాన్ని కనుక, అందులో నువ్వు ఎక్కడ తొందరపడతావో నాకు తెలుసు.

నీకు తెలిసిన సంగతులను ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. ఏడాది నిండని ఆడపక్షికి గూడు కట్టవద్దు. కొర్రలు, సజ్జలతో పాటు ఉడికించిన గుడ్డు, మునగాకు, సున్నం కోసం కొరకడానికి పెట్టే కటిల్ బోన్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పంజరం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి చీమలను ఆపు. ఏడాదికి రెండు విడతలకు మించి పిల్లలను తీయవద్దు.

ఈ శుక్రవారమే కట్టాలన్న తొందర ఎందుకు? సెప్టెంబరు ఎండకు రేకుల కింద గది ఎలా ఉంటుందో మధ్యాహ్నం రెండు గంటలకు నువ్వే ఒక పావుగంట కూర్చుని చూడు. చల్లబడేదాకా, అంటే అక్టోబరు చివరిదాకా ఆగు. ఆ తరువాత మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి కాబట్టి జల్లు కొట్టే వైపు టార్పాలిన్ కట్టి, రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచి ఉంచు. తడిసిన గూట్లో బూజు పట్టి పిల్లలు పోవడం నేను చూశాను.

మన దగ్గర చాలామంది మట్టి కుండలే కడతారు. అవి చల్లగా ఉంటాయి, పక్షులకూ ఇష్టమే. అయితే పిల్లలను మార్చి పెంచాలనుకునేవాడికి కుండ పనికిరాదు. లోపల ఏం జరుగుతోందో కనబడదు, చెయ్యి పెడితే గుడ్డు పగులుతుంది. పైమూత తెరుచుకునే చెక్క పెట్టెలు చేయించి, అడుగున గుంట తొలిపించి, చెక్క పొట్టు పరుచు. ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కనీసం నాలుగు జతలకు ఒకే రోజున గూళ్లు కట్టాలి. గుడ్ల తేదీలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే ఒక తల్లి భారాన్ని మరో తల్లి పంచుకోగలుగుతుంది. ఒకటి ఈ వారం, మరొకటి వచ్చే నెల కడితే అవసరం వచ్చిన రోజు నీకు దారి ఉండదు.

ఇక గుడ్ల సంగతి. బడ్జీ రోజు విడిచి రోజు ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. ఒక్కొక్కటి పొదగడానికి సుమారు 18 రోజులు పడుతుంది. అందువల్ల ఆరు గుడ్ల గూట్లో మొదటి పిల్లకూ చివరి పిల్లకూ పది రోజుల తేడా ఉంటుంది. పెద్దవి ఈకలు మొలిచి నిలబడే వేళకు, రెండు గ్రాముల బరువు కూడా లేని చివరిది వాటి కాళ్ల కింద నలిగిపోతుంది. ఇటువంటి గూట్లోని చివరి గుడ్లను, రెండు మూడు గుడ్లే ఉన్న మరో గూటికి, తేదీలు రెండు మూడు రోజులకు మించి తేడా లేకుండా చూసి మార్చడం మంచి పని. పొదగడం మొదలైన ఆరేడు రోజులకు మొబైల్ టార్చి వెలుతురుకు పట్టి చూస్తే, జీవం ఉన్న గుడ్డులో సన్నని ఎర్రటి నరాలు కనిపిస్తాయి. మెత్తని పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కుదుపు లేకుండా తీసుకువెళ్లు.

గుర్తు గుడ్డు పగిలేదాకానే ఉంటుంది కాబట్టి రంగును కూడా తోడు తెచ్చుకో. నీలం జతకు నీలం వర్గం పిల్లలే పుడతాయి, ఆకుపచ్చ పుట్టదు. ఆకుపచ్చ జత గుడ్డును నీలం జత కింద పెడితే, ఆ గూట్లో ఆకుపచ్చగా ఈకలు వచ్చిన పిల్ల ఎవరిదో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కరలేదు. తలకిందులుగా మాత్రం నమ్మవద్దు. ఆకుపచ్చ జతకు నీలం పిల్లలు కూడా పుట్టవచ్చు.

పిల్లను మార్చవలసి వస్తే వయసు చూడు. పుట్టిన కొత్తలో తల్లి తన కడుపులో ఊరిన పాలవంటి ద్రవాన్ని పడుతుంది, పిల్లలు ఎదిగే కొద్దీ నలిగిన గింజలకు మారుతుంది. రెండు వారాల పిల్లలున్న తల్లి కింద నిన్న పుట్టిన పిల్లను పెడితే దానికి తగిన ఆహారం దొరకదు. నాలుగు రోజులకు మించి తేడా ఉండకూడదు, సొంత పిల్లలూ పరాయి పిల్లలూ కలిపి అయిదుకు మించకూడదు. ఒక విడత పిల్లలను బాగా పెంచిన తల్లికే అప్పగించు. ఉదయం ఆడపక్షి మేతకు బయటికి వచ్చినప్పుడు, గొంతు కింది మేత సంచిలో కొంత ఆహారం ఉన్న పిల్లను గోరువెచ్చని అరచేతిలో తీసుకువెళ్లి మిగతా పిల్లల నడుమ పెట్టు. రాత్రిపూట గూడు కదపవద్దు. చీకట్లో బెదిరి బయటపడిన తల్లి తిరిగి గూటికి చేరలేక, తెల్లవారేసరికి పిల్లలు చల్లబడిపోతాయి. సాయంత్రం మూత తీసి మేత సంచి నిండిందో లేదో చూస్తే, తల్లి ఒప్పుకున్నదీ లేనిదీ తెలుస్తుంది.

మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లను వదిలేస్తుందని అంటారు. బడ్జీలు అలా వదలవు. నా భయం వేరు.

నాయనా, నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నడకల పిల్ల అని పేరు పెట్టిన ఆకుపచ్చ పక్షి గుర్తుందా? అది ఎందుకు ఎగరదని నువ్వు అడిగితే, దానికి నడవడమంటేనే ఇష్టమని చెప్పాను. అది నిజం కాదు. ఆరేళ్ల పిల్లవాడికి చెప్పే ధైర్యం లేక అలా అన్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ ఏడు మీ మామ సంతలో ఒక జతను చూసి ముచ్చటపడి తెచ్చారు. వాటిని నెలా నెలన్నర వేరే గదిలో ఉంచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. తెచ్చిన పది రోజులకే అందరి మధ్యా కుండ కట్టాను. అయిదు పిల్లలు లేచాయి. పెద్దవి రెండూ అయిదో వారంలో బయటికి వచ్చి, రెండు మూడు రోజులు గడిచేసరికి రెక్కల్లోని పొడవు ఈకలు, తోక ఈకలు రాలిపోయి నేల మీద పరుగులు తీశాయి. తల్లి అప్పటికే రెండో విడత గుడ్లు పెడుతోంది. కొత్త గుడ్లకు చోటు కావాలని కొన్ని తల్లులు పిల్లల ఈకలు పీకుతాయని విన్నదాన్ని కనుక, ఇదీ అదే అనుకున్నాను. తల్లి మీద నాకు కోపం వచ్చింది, పిల్లల మీద జాలి వచ్చింది. మిగిలిన మూడు పిల్లలను ఒక మంచి తల్లికి, నాలుగు గుడ్లను ఇంకొక మంచి తల్లికి అప్పగించాను. మూడు ప్రాణాలు కాపాడానని ఆ రాత్రి మీ మామతో చెప్పుకుని మురిసిపోయాను కూడా.

రాలిన ఈకలను చేతిలోకి తీసుకుని చూసి ఉంటే తెలిసేది. తల్లి పీకితే గూట్లో ఉండగానే వీపు మీద, మెడ మీద ఈకలు పోతాయి. ఇక్కడ రాలినవి రెక్కల, తోక పెద్ద ఈకలు. వాటి మొదళ్లలో ఎండిన రక్తం ఉంది. అది ఫ్రెంచ్ మౌల్ట్ అనే జబ్బు అని, వైరస్ వల్ల వస్తుందని, ఈకల దుమ్ముతోనూ రెట్టతోనూ నోటి మేతతోనూ ఒక పక్షి నుంచి మరో పక్షికి పోతుందని పశువైద్యుడు చెప్పేసరికి రెండు నెలలు గడిచాయి. అప్పటికి ఆ రెండు మంచి తల్లుల సొంత పిల్లలు కూడా నేల మీద పరుగెత్తుతున్నాయి. జబ్బును నా చేతులతో నేనే మోసుకువెళ్లి, జబ్బులేని గూళ్లలో పెట్టాను. అంతకు ముందే ఎదురింటి పిల్లలకు రెండు పక్షులను ఇచ్చి ఉన్నాను. వాళ్ల గుమ్మం ఎక్కి ఆ సంగతి చెప్పి రావడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

ఏ పిల్ల ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో రాసి పెట్టుకోకపోవడం రెండో తప్పు. ఏ జతను వేరు చేయాలో, ఏ జతను నమ్మవచ్చో డాక్టరు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. చివరికి కుండలన్నీ మీ మామ పెరట్లో పగలగొట్టి పూడ్చారు, రెండేళ్లు ఒక్క గూడు కూడా కట్టలేదు. నడకల పిల్ల సంతజత పిల్లో, నా సొంత పక్షుల పిల్లో ఈ రోజుకూ నాకు తెలియదు. అది ఆరేళ్లు మా వంటింటి కిటికీ దగ్గర బతికింది. నువ్వు అరచేతిలో కొర్రలు పోసి పిలిస్తే పరుగెత్తుకుంటూ వచ్చేది. నువ్వు నవ్వేవాడివి, నేను పక్కగదిలోకి వెళ్లిపోయేదాన్ని.

అందుకే ఒక పిల్లను గూటి నుంచి తీయడానికి మూత మీద చెయ్యి వేసే ముందు, ఈ తల్లి ఎందుకు పెంచలేకపోతోందని అడుగు. గుడ్లు ఎక్కువైతే, తల్లి ప్రమాదంలో పోతే, కొత్త తల్లికి మేత పట్టడం తెలియకపోతే మార్చు. తల్లి నలతగా ఉంటే, పిల్లల ఈకలు రాలుతుంటే, కారణం తెలియకుండా పిల్లలు పోతుంటే, ఎంత జాలి వేసినా పిల్లను గాని గుడ్డును గాని మరో గూటికి తీసుకువెళ్లవద్దు. గుడ్డు పెంకుకు కూడా రెట్ట అంటుకుని ఉంటుంది. నీ ఊళ్లోనే వెటర్నరీ కళాశాల ఉంది. చనిపోయిన పిల్లను పారేయకుండా చల్లగా ఉంచి అక్కడికి తీసుకువెళ్లి చూపించు. నాకు ఆనాడు అది తోచలేదు, నీకు ఆ సాకు లేదు.

ఒక నోటుబుక్కు కొని జతకు ఒక పేజీ ఇవ్వు. గుడ్డు పెట్టిన తేదీ, మార్చిన తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, వారం వయసులో కాలికి వేసిన రింగు నంబరు, ఇవన్నీ పని చేసిన క్షణంలోనే రాయాలి. రాత్రి తీరికగా రాద్దామనుకుంటే తప్పకుండా మరిచిపోతావు.

ఇంత భయపెట్టానని మనసు చిన్నబుచ్చుకోవద్దు. నలిగిపోవలసిన పిల్ల మరో తల్లి రెక్క కింద మేత సంచి నింపుకుని నిద్రపోతుంటే చూడడం ఎంత హాయో నాకు తెలుసు. ఆ హాయి నీకు దక్కాలనే ఇదంతా రాశాను.

మీ నాన్న ఆదివారం చిత్తూరు వస్తున్నాడట. మీ మామ గుడ్లు తీయడానికి వాడిన పొడవు పిడి చెమ్చాను అతనితో పంపిస్తాను. దాన్ని మరిగే నీళ్లలో వేసి తీసి వాడు. ఒక గూటికి వాడిన తరువాత, మళ్లీ మరిగించకుండా ఇంకో గూట్లో పెట్టవద్దు.

ఇట్లు,
మీ పెద్దత్త