ఇండోర్ వెళ్లి అయస్కాంతాలు పేర్చుకుంటుందా మా అమ్మాయి?

ప్రశ్న: అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం. సింక్రోట్రాన్ రింగులకు మాగ్నెట్ లాటిస్ డిజైన్ నేర్చుకుంటానంటోంది. బంధువులంతా డేటా సైన్స్‌లో చేర్పించమంటున్నారు. ఏది మేలో పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది గానీ, అమ్మాయికి అదెందుకు ఇష్టమో ఒక్క ముక్కా లేదు. అడిగారా? అడగకుండానే నాకు రాసినట్టున్నారు. పెళ్లీడు వచ్చినా పీహెచ్‌డీ అంటూ సంపాదన లేకుండా ఉండిపోతుందేమోనని మీ బెంగ. అందులో తప్పు లేదు, కానీ దాన్ని బంధువుల నోట పలికించడం బాగాలేదు.

ముందు ఆ పని సంగతి. సింక్రోట్రాన్ అంటే ఎలక్ట్రాన్లను రింగులో తిప్పి, వంపుల్లో అవి వెదజల్లే కాంతిని పరిశోధనలకు వాడుకునే యంత్రం. రింగులో అయస్కాంతాలు పేర్చే వరుసే లాటిస్. ఇండోర్‌లోని ఆర్ఆర్‌క్యాట్ (రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ)లో ఇండస్-2 అనే అలాంటి రింగు ఉంది. చుట్టుకొలత సుమారు 172 మీటర్లు. ఎలక్ట్రాన్లు అందులో సెకనుకు 17 లక్షల చుట్లు తిరుగుతూ, గంటల తరబడి గోడకు తగలకుండా ఉండాలి. వాటిని వంచేవి డైపోల్ అయస్కాంతాలు, వాటి గుంపు, అంటే బీమ్, చెదరకుండా పట్టేవి క్వాడ్రుపోల్ అయస్కాంతాలు. ఒక చుట్టులో బీమ్ అటూఇటూ ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని ట్యూన్ అంటారు. అది పూర్ణసంఖ్యకు దగ్గరపడితే, అయస్కాంతంలోని చిన్న లోపం కూడా ప్రతి చుట్టులో ఒకేవైపు తోస్తుంది. ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టే, ఊపు పెరిగి బీమ్ పోతుంది.

అసలు తలనొప్పి ఆ తర్వాత. కాంతి ప్రకాశంగా రావాలంటే బీమ్ సన్నబడాలి. అందుకు స్వీడన్‌లోని మ్యాక్స్-4 పెద్ద రింగులో వంపును చిన్న ముక్కలుగా కోసి, రింగులో మళ్లీ మళ్లీ వచ్చే ఒక్కో భాగంలో (సెల్‌లో) ఏడు డైపోల్స్ పెట్టారు. అలా చేస్తే క్వాడ్రుపోల్స్ బలం పెంచాలి. దాంతో వేర్వేరు శక్తుల ఎలక్ట్రాన్ల ట్యూన్ చెల్లాచెదురవుతుంది. దాన్ని సరిచేసే సెక్స్‌టుపోల్ అయస్కాంతాలు ఎంత బలపడితే, ఎలక్ట్రాన్లు క్షేమంగా తిరగగలిగే చోటు అంత కుంచించుకుపోతుంది. ఈ పేచీ తీర్చడమే మీ అమ్మాయి ముచ్చటపడుతున్న విద్య.

ఇక నా అనుమానాలు దాచను. కొత్త రింగులు ఏటా కట్టరు. ఈ రంగంలో చేరినవాళ్లకు ఎక్కువకాలం ఉన్న రింగును నడపడం, కక్ష్య సరిదిద్దడమే పని. మనదేశంలో తలుపులూ తక్కువే: ఆర్ఆర్‌క్యాట్ శిక్షణ, హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ పీహెచ్‌డీ, లేదా విదేశం.

డేటా సైన్స్ మీద నాకు ఇంతకంటే పెద్ద అనుమానాలే ఉన్నాయి. ఆరునెలల సర్టిఫికెట్ పట్టుకుని, లెక్కలు రాకుండానే ఇంటర్వ్యూకి వెళ్లి బేలగా తిరిగొచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. ఫీజు కట్టిన తండ్రులు నా ఎదుట కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఫిజిక్స్ పునాది ఉన్న పిల్లను అక్కడికి తోయడమెందుకు? లాటిస్ వాళ్లు వాడేవీ పైథానూ, ఆప్టిమైజేషనే. 2019లో అమెరికాలో బర్క్‌లీలోని ఏఎల్ఎస్ అనే సింక్రోట్రాన్ రింగులో బీమ్ సైజు నిలకడగా ఉంచడానికి న్యూరల్ నెట్‌వర్క్ వాడారు. రేపు దారి మారాలన్నా ఈ అమ్మాయి వట్టిచేతులతో రాదు. పోలిక అడిగారు, నేను ధైర్యం చెబుతున్నాను. ఏం చేస్తాం, మీకు కావలసిందీ అదే.

ఈ సెలవుల్లో ఫీజులేమీ కట్టకండి. ఇలాంటి రింగులను కంప్యూటర్‌లో కట్టి చూసే యాక్సిలరేటర్ టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అమ్మాయిని ఒక చిన్న రింగు కట్టి, ట్యూన్‌ను పూర్ణసంఖ్య వైపు జరిపి చూడమనండి. బీమ్ పోయిన రాత్రి విసుగొచ్చి పడుకుందా, ఎందుకు పోయిందో వెతుకుతూ కూర్చుందా? అది చూసి నాకు మళ్లీ రాయండి. ఈసారి బంధువులను వదిలేయండి.