మా ఊరి బడిని నిలబెట్టుకునేదెట్లా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. ప్రాథమిక పాఠశాలలో 14 మంది పిల్లలు, ఒక్కరే టీచరు. ఎండాకాలం సెలవులయ్యాక టీచరును వేరే ఊరికి పంపి, పిల్లల్ని పక్క ఊరి బడిలో కలుపుతారట. ఆ బడి రెండు కిలోమీటర్ల పైనే, హైవే దాటి పోవాలి. మా పాప ఇక్కడే రెండో తరగతి. పెద్దోడు నాలుగో తరగతి, టౌన్‌లో ప్రైవేటు బడికి బస్సులో పోతాడు. ఊళ్లో వాళ్లు రోడ్డు మీద కూర్చుందామంటున్నారు. ఏం చేస్తే బడి నిలుస్తుంది?
– ఒక తల్లి

జవాబు: రోడ్డు సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఆ ఆర్డరు కాగితం ఉందో లేదో కనుక్కోండి. నా సర్వీసంతా ఇలాంటి చిన్న బళ్లలోనే గడిచింది. బడి మూసేస్తున్నామని రాతపూర్వకంగా చెప్పడం అరుదు. సర్దుబాటు పేరుతో టీచరును పంపిస్తారు. పిల్లల్ని పక్క ఊరికి పొమ్మంటారు. అంత దూరం ఎందుకని సగం మంది ప్రైవేటు బడి బస్సెక్కుతారు. మరుసటేడు రిజిస్టరులో సున్నా. అప్పుడు తప్పు ఎవరిదీ కాదు, పిల్లలే రావడం లేదంటారు! అందుకే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పి తీరాలి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లినా రసీదు లేకుండా తిరిగి రాకండి.

అర్జీలో కన్నీళ్లు వద్దు, దూరం రాయండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలి. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మీకు ఉన్నదే ఒక్కరు. ఆ ఒక్కరినీ తీసేస్తామంటే అడగాల్సింది మీరే కదా? హైవే దగ్గర పొద్దున బడి వేళకు నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీలు వరసగా పోయే సీజనులో తీస్తే ఇంకా మంచిది.

మీ టీచరమ్మ చేత మాత్రం సంతకం పెట్టించకండి. ఆమె ఉద్యోగానికే ముప్పు. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మీ మహిళా సంఘం ఆమె ఉంటుంది కదా, ఆమెను ముందు పెట్టుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. వంట చేసే ఆయమ్మనూ పిలవండి, బడి పోతే ఆమె పని కూడా పోయినట్టే.

ధర్నాలు దండగ అనను. ఆంధ్రలో 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు తల్లిదండ్రులు ఊరూరా రోడ్డెక్కారు. ఆ జీవో 2025లో రద్దయింది. కానీ ఆ మూడేళ్లలో ఒకటో తరగతి పిల్ల నాలుగుకొచ్చేసింది. మీ పాపకు అంత టైమ్ లేదు.

ఇక మీకు కోపం వచ్చే మాట. పొద్దున మీ ఊరికి వచ్చే ఆ బస్సులో మీ ఊరి పిల్లలు ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టారా? 14 మందికి టీచరు ఎందుకని ఆఫీసరు అడిగితే, అర్జీ పెట్టిన తల్లి కొడుకే ఆ బస్సులో ఉంటే ఏం చెబుతారు? ఇంగ్లిష్ మీడియం కోసమంటారేమో. సర్కారు బడిలోనూ ఇంగ్లిష్ మీడియం ఉంది, ఫీజు లేదు, మధ్యాహ్నం అన్నం ఉంది. ఇద్దరు టీచర్లుంటే చదువు ఎందుకు రాదు? ఆ రెండో టీచరు రావాలన్నా పిల్లలే కావాలి. జూన్‌లో బడిబాట అంటూ, పిల్లల్ని బడిలో చేర్పించమని టీచరమ్మ ఒక్కతే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈసారి మీరూ ఆమె వెంట వెళ్లండి. మొదట మీ పెద్దోడి పేరే రాయించండి.

ఫీజు బాకీ ఉందని ప్రైవేటు వాళ్లు టీసీ ఆపుతారని చాలామంది భయపడతారు. టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, అదీ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. పెద్దోణ్ని తీసుకెళ్లి చేర్పించండి, టీసీ తర్వాత ఇవ్వొచ్చు.