అరాచక విమర్శకుడా, అరాచకవాదా?

సందేహం: ఫ్రెంచి చిత్రకళ గురించిన ఒక తెలుగు వ్యాసంలో ఫెలిక్స్ ఫెనెయోన్‌ను ‘అరాచక కళా విమర్శకుడు’ అన్నారు. తిట్టులా వినిపించింది. ‘రాజకీయ నిబద్ధత గల విమర్శకుడు’ అంటే సరిపోదా?

సమాధానం: తిట్టులా వినిపించడం సహజమే. అరాచకమంటే రాజు లేని స్థితి. ఆ స్థితి అంటే మనకు ఏనాటి నుంచో భయం. అయోధ్యకాండలో దశరథుడు పోయాక పెద్దలు ‘నారాజకే జనపదే’ అంటూ, రాజు లేని దేశానికి పట్టే దుర్గతులను శ్లోకం వెంట శ్లోకంగా ఏకరువు పెడతారు. ఇవాళ్టి పేపర్లలోనైతే అరాచకమంటే దౌర్జన్యమే. పైగా మీరు చూపిన సమాసంలో అరాచకమైనది కళా, విమర్శకుడా అన్నదీ తేలదు. ఆ ప్రయోగం తప్పు.

‘అరాచకవాది’ వేరు. పైనుంచి ఏలే రాజ్యం అక్కర్లేదని, మనుషులు తమంత తాము కలిసి బతకగలరని నమ్మేవాడు. ‘వాది’ చేరితేనే అది సిద్ధాంతానికి పేరవుతుంది. ఫెనెయోన్‌కు ఈ మాటే తగినది. ‘రాజకీయ నిబద్ధత’ వ్యాకరణరీత్యా తప్పు కాదు గాని, దేనికి నిబద్ధుడో చెప్పకుండా దాటేస్తుంది. ఆయన విషయంలో అలా దాటేయడం అన్యాయమని నా అభిప్రాయం.

యుద్ధ మంత్రిత్వశాఖలో గుమాస్తాగా ఉంటూనే ఆయన అరాచకవాద పత్రికలకు రాశారు. సెరా, సిన్యాక్‌లు రంగుల చుక్కలతో వేసిన చిత్రాలకు 1886లో ‘నియో ఇంప్రెషనిజం’ అని పేరు పెట్టిందీ ఆయనే. 1894లో ఆఫీసు గదిలో డిటొనేటర్లు (బాంబులు పేల్చే సాధనాలు) దొరికాయని అరెస్టు చేసి, ‘ముప్పైమంది విచారణ’గా పేరుపడ్డ కేసులో బోనెక్కించారు. కవి మలార్మే ఆయన పక్షాన సాక్ష్యం చెప్పారు. నిర్దోషిగా బయటపడ్డారు గాని ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ‘రెవ్యూ బ్లాంష్’ పత్రిక నడిపారు, 1900లో ఆ పత్రిక కార్యాలయంలోనే సెరా చిత్రాల ప్రదర్శన పెట్టారు. 1906లో బెర్న్‌హైమ్ జ్యూన్ గ్యాలరీలో చేరి, 1912లో వేగాన్ని, యంత్రయుగాన్ని కొలిచిన ఇటలీ ఫ్యూచరిస్టు చిత్రకారులను పారిస్‌కు పరిచయం చేశారు. వీటన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది 1920లో ఆయన జరిపిన చర్చ. ఆఫ్రికా వంటి దూరదేశాల శిల్పాలకు లూవ్ర్ మ్యూజియంలో చోటిస్తారా అని కళాకారులను, పండితులను, మ్యూజియం పెద్దలను అడిగి, జవాబులను అచ్చువేశారు. ఫ్రాన్సు ఆ దేశాలను ఏలుతున్న రోజులవి!

ఇక వాక్యం సంగతి. ‘అరాచకవాద కళా విమర్శకుడు’ అన్నా చిక్కే, అరాచకవాద కళను విమర్శించేవాడనే అర్థమూ వస్తుంది. ‘కళా విమర్శకుడు, అరాచకవాది ఫెలిక్స్ ఫెనెయోన్’ అని విడదీసి రాయండి.